పొలమారితే తట్టే చెయ్యి

ఇల్లు విడిచి పనికి పోయే ఆడమనిషి గడప దాటేటప్పుడు ఏం చేస్తుంది? తాళం వేస్తుంది అంటారు మీరు. గురజాల శివారు కాలనీలో ఉండే మంజులకు తాళం వేసే వీలు లేదు. లోపల మంచం మీద మొగుడున్నాడు. అందుకని రోజూ పొద్దున్నే పెరట్లోకి పోయి, మొల ఎత్తు గోడ మీదుగా పక్కింటి వైపు తిరిగి, "అత్తా, ఇల్లు చూస్తుండు" అని ఒక్క మాట అనేది. అవతల అంట్లు తోముకుంటున్న జాన్‌బీ తల ఎత్తకుండానే, "పోయిరాయే, నేనుండాగా" అనేది. అంతే. ఆ మాటే తాళం, ఆ మాటే గొళ్ళెం. మన ఊళ్ళలో పనికిపోయేవాళ్ళ ఇళ్ళు ఇన్నేళ్ళూ నిలబడింది ఈ మాట మీదే గానీ ఇనప తాళాల మీద కాదు.

మంజుల మొగుడు కోటి నాపరాళ్ళ క్వారీలో పలుగు పట్టినవాడు. రెండేళ్ళ కిందట రాయి జారి మెడ మీద పడింది. ప్రాణం దక్కింది గానీ మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడింది. కళ్ళు చూస్తాయి, నోరు మాట్లాడుతుంది, తల కాస్త అటూ ఇటూ తిరుగుతుంది. మిగతా మనిషి ఎక్కడ పడుకోబెడితే అక్కడే. క్వారీ యజమాని ఒకసారి పండ్ల సంచీతో వచ్చి, మంచం పక్కన నిలబడి ఫోటో దిగి, మళ్ళీ ఇటు మొహం చూపించలేదు. పిల్లలు లేరు. మంజుల పిడుగురాళ్ళ దగ్గర కోల్డు స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి కుదిరింది. పొద్దున ఆటో ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే.

ఆ మధ్యలో కోటికి దిక్కు జాన్‌బీయే. ఆమె ఆటో నడిపే కొడుకు యాకూబ్‌తో ఉండేది. భర్త పోయి చానా కాలమైంది. మధ్యాహ్నం గోడ మీద చెయ్యి ఆనించి కాలు ఇటు వేసి వచ్చేది. అన్నం కలిపి పెట్టేది. వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పేది. ముక్కు మీద దురద పెడుతుందంటే గోకేది. నీళ్ళు తాగేటప్పుడు కోటికి తరచూ పొలమారేది. అప్పుడు గబుక్కున పక్కకు తిప్పి, వీపు మీద చరిచి, మాడు మీద తట్టి, "ఒరేయ్ కోటీ, మంజుల తలుచుకుంటందిరా నిన్ను" అని నవ్వించేది. కోటి ఆమెను పిన్నీ అనేవాడు. కడుపున పుట్టినవాళ్ళు కూడా అంత చెయ్యని రోజులివి. ఆ మనిషి చేసింది, చేస్తున్నానని ఒక్కనాడూ అనుకోకుండా చేసింది.

అదిగో, అట్లా చల్లగా నడుస్తున్న ఇంట్లోకి కెమెరా వచ్చింది.

దాని తప్పేం లేదండీ. మంజులకు మొగుడి మీద బెంగ. పనిలో కూర్చున్నా మనసు మంచం దగ్గరే ఉండేది. పక్కన తొడిమలు తీసే మస్తానమ్మ ఒకరోజు చెప్పింది, ఇప్పుడు చవకలో కెమెరాలు వస్తున్నాయనీ, సిమ్ము వేస్తే చాలనీ, సెల్లులోనే ఇల్లంతా కనపడుతుందనీ. మంజుల ఆ ఆదివారమే గురజాల బజారులో సెల్లు షాపుకు పోయింది. షాపు చైతన్య అరచేతిలో వైకుంఠం చూపించాడు. ఇంటికి వచ్చి, వీధి గుమ్మం పైన లోపలి గోడకున్న బల్బు తీసేసి, ఆ హోల్డరులోనే గుండ్రటి కెమెరాను బిగించాడు. అది మనిషి కదిలితే అటు తల తిప్పుతుంది. మంచం కనపడుతుంది, అరలో డబ్బాలు కనపడతాయి, వెనక తలుపు తీసి ఉంటే పెరడూ, గోడా, గోడ అవతల జాన్‌బీ తలా కనపడతాయి. సెల్లులో మీట నొక్కి మాట్లాడితే ఆ మాట కెమెరాలోంచి ఇంట్లో వినపడుతుంది. మంజుల ఆ సాయంత్రం వీధిలోకి పోయి నిలబడి "ఏమయ్యో" అని పిలిస్తే లోపల కోటి "ఓ" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం చాలా రోజులకు అదే.

ఒక్క పని మాత్రం మంజుల చెయ్యలేదు. కెమెరా పెట్టిన సంగతి జాన్‌బీకి చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పేదేముందిలే అనుకుంది. జాన్‌బీ మర్నాడు వచ్చి చూసి, ఇదేదో కొత్తరకం బల్బు కాబోలు అనుకుంది. కోటి చెబుదామనుకున్నాడు గానీ, నిన్ను కనిపెట్టడానికి పెట్టామన్నట్టు ఉంటుందేమోనని ఊరుకున్నాడు. ఇంత చిన్న మాట నోట్లోనే ఉండిపోయింది.

మిరపకాయల గోడౌనులో మంజుల సెల్లును గోతానికి ఆనించి పెట్టుకునేది. ఘాటుకు కళ్ళు మండుతున్నా, వేళ్ళు భగ్గుమంటున్నా కొంగుతో తుడుచుకుని ఘడియకోసారి తెర వెలిగించేది. ఆడవాళ్ళంతా మెడలు చాచి చూసి, అదృష్టమంటే నీదే అనేవాళ్ళు. మంచాన పడిన మొగుణ్ణి సెల్లులో చూసుకోవడం కూడా అదృష్టమైపోయింది, ఏం చెప్పమంటారు.

ఒక మధ్యాహ్నం తెరలో జాన్‌బీ కనపడింది. కోటికి అన్నం పెట్టి మూతి తుడిచింది. ఆ తర్వాత లేచి అర దగ్గరికి పోయి, ఒక డబ్బా మూత తీసి, చింతపండు గుప్పెడు తీసుకుని కొంగులో వేసుకుంది.

ఇందులో వింతేమీ లేదు. జాన్‌బీ ఇంట్లో చింతపండు నిండుకుంటే మంజుల డబ్బాలోంచి తీసుకోవడం, మంజుల ఇంట్లో నూనె నిండుకుంటే జాన్‌బీ సీసా వంచుకోవడం ఆ రెండిళ్ళకూ అలవాటే. అడగడం ఉండదు, చెప్పడం ఉండదు. మళ్ళీ వచ్చినప్పుడు ఎవరిది వాళ్ళ డబ్బాలో పడుతుంది. దీన్నే మన పెద్దలు చేబదులు అన్నారు. ఎదురుగా ఉండి చూస్తే అది చేబదులే. ఊరవతల నుంచి, అరచేతి వెడల్పు తెరలో, నలుగురి మధ్య కూర్చుని చూస్తే అది ఇంకోలా ఉంది.

మస్తానమ్మ ముందుగా చూసింది. "ఏమే, ఎవురామె? డబ్బాలు ఎతుకుతంది?" అంది. పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఇంకొకామె, ఊరికే చాకిరీ ఎవరు చేస్తారమ్మా అంది. మంజులకు తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు ఆగితే చాలనుకుందో, తమాషాకే అనుకుందో, మీట నొక్కేసింది.

"ఏందత్తా, ఏం తీస్తన్నావ్?"

ఇంట్లో, గుమ్మం పైన గోడలోంచి ఆ గొంతు గరగరమంటూ ఊడిపడింది. జాన్‌బీ ఉలిక్కిపడి కొంగు వదిలేసింది. చింతపండు నేల మీద పడింది. వీధిలోకి చూసింది, పెరట్లోకి చూసింది. ఆ గుండ్రటి బల్బు తన వైపే తల తిప్పి ఉండటం అప్పుడు చూసింది. తర్వాత కోటి మొహంలోకి చూసింది. కోటి సిగ్గుతో కళ్ళు మూసుకున్నాడు. జాన్‌బీ వంగి, కింద పడిన చింతపండు గింజతో సహా ఏరి డబ్బాలో వేసి, మూత పెట్టి, గోడ దాటి వెళ్ళిపోయింది. గోడౌనులో ఆడవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. మంజుల కూడా కాస్త నవ్వింది. పాపం, ఆ నవ్వు ఎంత ఖరీదు పడుతుందో అప్పటికి ఆమెకే తెలియదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మనకు సామెత ఉంది. సాయంత్రం మంజుల గోడ దగ్గరికి పోయేసరికి జాన్‌బీ కొడుకు చేత బజారు నుంచి తెప్పించిన చింతపండు గిన్నె నిండా పట్టుకుని నిలబడి ఉంది. గిన్నె గోడ మీద పెట్టింది.

"ఇన్నాళ్ళు వాడుకున్నది ఇందులో ఉందమ్మా. నీ ఇంటికి కాపలా వచ్చిందిగా. ఇంక నేనెందుకు?"

ఏమే అని తప్ప పిలవని మనిషి అమ్మా అంది. మంజులకు ఆ పిలుపు చెంపదెబ్బలా తగిలింది. ఆ క్షణాన, అత్తా తప్పయింది అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నేనేమన్నానని ఇంత పంతం అని లోపల ఉక్రోషం పుట్టింది. గిన్నె తీసుకుని లోపలికొచ్చి, పోతే పోయిందిలే, చూసుకోడానికి కెమెరా ఉందిగా అంది.

కోటి మంచం మీద నుంచి అన్నాడు, "కెమెరా అన్నం పెట్టుద్దంటే?"

మర్నాటి నుంచి మంజుల కొత్త ఏర్పాట్లు చేసింది. మంచం తలాపున కర్రకు నీళ్ళ సీసా కట్టి, దానికి గొట్టం పెట్టి, కోటి నోటికి అందేలా వదిలింది. అన్నం పొద్దున ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. మధ్యలో గోడౌనులో కూర్చుని మీట నొక్కి, నీళ్ళు తాగావా, నిద్ర పట్టిందా అని అడిగేది. కోటి ఆ గుండ్రటిదాని వంక చూసి తలాడించేవాడు. ఒకరోజు అతని పెదవి మీద ఈగ వాలింది. తెరలో మంజుల చూస్తూ ఉంది. అతను ఊదుతున్నాడు, తల తిప్పుతున్నాడు, ఈగ లేచి మళ్ళీ అక్కడే వాలుతోంది. మంజుల మీట నొక్కి "ఉష్, ఉష్" అంది. అంత దూరం నుంచి పెళ్ళాం తోలితే ఈగ పోతుందా? కోటి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అవి కూడా బాగా కనపడ్డాయి. కెమెరా మంచిది మరి.

ఆ రాత్రి కోటి బతిమాలాడు. పిన్ని కాళ్ళు పట్టుకోయే, నాకోసం పట్టుకో అన్నాడు. రేపు అంది మంజుల. రేపటికి గోడ దగ్గర జాన్‌బీ వీపు తిప్పి ఉంది. ఎల్లుండి అంది. ఎల్లుండికి మిరపకాయల బస్తాలు బాగా వచ్చి, చీకటితోనే ఆటో ఎక్కింది. పంతం పెద్దదేమీ కాదు, కాకపోతే రోజూ ఇంత మట్టి పడుతూ ఉంటే మొల ఎత్తు గోడ కూడా నిలువెత్తు అవుతుంది.

ఎండలు ముదిరాయి. కాలనీలో నడవగలిగినవాళ్ళంతా మిరప చేలల్లో చివరి కోతలకు పోతున్నారు. పట్టపగలు వీధిలో కుక్కలు తప్ప మనిషి కనపడడు. ఇళ్ళ దగ్గర మిగిలేది జాన్‌బీ ఒక్కతే.

ఆ రోజు మధ్యాహ్నం మంజుల సద్ది విప్పబోతూ తెర వెలిగించింది. కోటి గొట్టాన్ని నోటితో అందుకుని నీళ్ళు పీలుస్తున్నాడు. ఎండకు నాలుక పిడచగట్టిందేమో, ఆబగా పీలుస్తున్నాడు. చూస్తుండగానే అతనికి పొలమారింది.

మొదట మంజుల కంగారు పడలేదు. దగ్గితే తగ్గిపోతుందిలే అనుకుంది. కానీ దగ్గడానికి ఆ మనిషికి రొమ్ములో బలమెక్కడిది? వెల్లకిలా పడుకోబెట్టిన మనిషి. గొట్టం జారి మెడ మీద పడి నీళ్ళు ఇంకా కారుతున్నాయి. కళ్ళు పైకి లేచాయి. నోరు తెరుచుకుంది గానీ శబ్దం రావడం లేదు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. తలుచుకునేదీ మంజులే, చూసేదీ మంజులే. పక్కకు తిప్పి వీపు చరిచే చెయ్యి మాత్రం ఆ ఇంట్లో లేదు.

మంజుల గోతాల మధ్య లేచి నిలబడింది. జాన్‌బీకి సెల్లు లేదు, యాకూబ్‌కు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. ఆటో రొదలో వినపడలేదు అతనికి. ఫోను చేస్తుంటే తెరలో బొమ్మ పోయింది. బొమ్మ కోసం ఫోను ఆపింది. వచ్చిన బొమ్మలో కోటి మొహం నల్లబడుతోంది. మీట నొక్కి, గొంతు చించుకుని అరిచింది.

"జాన్‌బత్తా! జాన్‌బత్తా! ఇటు రా అత్తా!"

వెనక తలుపులోంచి గోడ అవతల జాన్‌బీ తల కనపడింది. వినపడింది ఆమెకు. చేస్తున్న పని ఆపి లేచి నిలబడింది. ఆ ఇంటి వైపు చూసింది. మంజుల అరుస్తూనే ఉంది. తెరలో జాన్‌బీ తన రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు చూసుకుంది. కొంగు దులుపుకుంది. తర్వాత తల దించుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మంజుల ఇదంతా చూసింది. స్పష్టంగా చూసింది. గోడౌనులో ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ మూగారు. అందరూ చూశారు. ఇంతమంది కళ్ళు ఒక్క మనిషిని చూస్తూ ఉండగా ఆ మనిషి పోయాడు. ఇంతకంటే దిక్కుమాలిన చావు ఉంటుందా చెప్పండి.

కాసేపటికి మళ్ళీ జాన్‌బీ వచ్చింది. అంతసేపు అరిచిన గొంతు ఆగిపోవడంతో ఆమెకు లోపల ఏదో గుబులు పుట్టింది. గోడ దాటి వచ్చి, మంచం చూసి, పరుగున పోయి కోటిని పక్కకు తిప్పింది. వీపు చరిచింది. మాడు మీద తట్టింది. తడుతూనే ఉంది. మంజుల ఆటో ఎక్కి, సెల్లు పట్టుకుని, దారి పొడుగునా ఆ చేతిని చూస్తూనే ఉంది. ఆ చెయ్యి ఆగలేదు. ఆగనంతసేపూ ఆశ ఉన్నట్టే అనిపించింది. కానీ చరిచే చెయ్యి కిందున్న తల ఎటు వంచితే అటు వాలిపోతూ ఉంది.

ఇల్లు చేరేసరికి జాన్‌బీ కోటి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మంజుల గుమ్మంలోనే కూలబడింది. జాన్‌బీయే ముందు నోరు విప్పింది.

"నా పేరు ఆ గోడలోంచి వినపడితే, మళ్ళీ నేనేం తీశానా అని చేతులు చూసుకున్నానే. నువ్వు పిలిచేది నీ మొగుడి కోసమని నాకు తట్టలేదు. నువ్వు దాంట్లోంచి నన్ను పిలిచింది ఒక్కసారేగా, అదీ దొంగా అన్నట్టు."

మంజుల ఆమె కాళ్ళ మీద పడింది. కోటి పట్టుకోమన్న కాళ్ళే అవి. పట్టుకోమన్నవాడు చూడటానికి లేడు. పైన కెమెరా మాత్రం ఇద్దరి వైపూ తల తిప్పి చూసింది.

పెద్దకర్మ అయిపోయింది. కెమెరా తీసేసి బల్బు పెట్టారు. జాన్‌బీ ఇప్పుడు గోడ దగ్గర అంట్లు తోమదు, వీధి వైపు తోముకుంటుంది. కోపం లేదు. మంజులను చూస్తే తను వేసుకున్న తలుపు గుర్తొస్తుంది ఆమెకు. ఆమెను చూస్తే తను నొక్కిన మీట గుర్తొస్తుంది మంజులకు. తప్పు ఎవరిదని తూకం వేసేవాళ్ళు కాలనీలో చాలామంది ఉన్నారు. గోడకు అటూ ఇటూ ఉన్న ఆ ఇద్దరికీ పిలుచుకోడానికి నోరు రావడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

మంజుల మళ్ళీ తొడిమలు తీయడానికి పోతోంది. బతకాలిగా. పొద్దున గడప దాటేటప్పుడు అలవాటుగా పెరటి వైపు మొహం తిరుగుతుంది, మాట గొంతులోనే ఆగిపోతుంది. ఇప్పుడు లోపల ఎవరూ లేరు కాబట్టి తాళం వేసుకుని పోతుంది.

ఒకరోజు గోడౌనులో మస్తానమ్మ మంజుల దగ్గరికి జరిగి కూర్చుంది. తన మూడేళ్ళ పిల్లను ఇంటి దగ్గర ఆడపడుచుకు వదిలి వస్తోంది ఆమె. ఆడపడుచు పిల్లకు సరిగ్గా తిండి పెడుతుందో లేదోనని అనుమానం. ఆ కెమెరా ఊరికే పడి ఉందిగా, నాకిచ్చెయ్యరాదా అని అడిగింది. మంజుల ఇస్తానంది. పెట్టుకోవద్దని కూడా అనలేదు. ముందు ఆడపడుచుకు చెప్పి పెట్టుకోమంది, నీ మీద అనుమానంతో కాదని ఎదురుగా కూర్చుని చెప్పమంది. మస్తానమ్మ విన్నట్టే తలాడించింది. కాసేపాగి అడిగింది.

"దాంట్లోంచి మాట కూడా పోద్దిగా? ఆమెను అప్పుడప్పుడూ అదిలించొచ్చు."

అంతా కళ్ళారా చూసిన మనిషే ఈ మాట అడిగింది. మంజుల చేతిలో మిరపకాయ అట్లాగే ఉండిపోయింది. ఘాటుకో, మరి దేనికో, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"పోద్ది మస్తానమ్మా. మాట పోద్ది, చూపు పోద్ది. చెయ్యి మాత్రం పోదు. పొలమారితే తట్టడానికి చెయ్యే కావాలి, ఆ చెయ్యి మనం నమ్మిన మనిషికే ఉంటది."